కొత్త ట్యాంకులో చేపలు ఎప్పుడు వదలాలి? షాపులో రేపే అంటున్నారు, ఇక్కడ నెలన్నర అంటున్నారు

మియాపూర్_నాన్న
రెండడుగుల ట్యాంక్ కొన్నాను. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, నల్ల గ్రావెల్, ఒక డ్రిఫ్ట్‌వుడ్ ముక్క. నీళ్లు నింపి లైటు వేసేదాకా అంతా బాగానే ఉంది. షాపాయన "రాత్రంతా ఫిల్టర్ ఆన్‌లో పెట్టండి, ఈ సీసాలోంచి నాలుగు చుక్కలు వేయండి, రేపొచ్చి చేపలు పట్టుకెళ్లండి" అన్నాడు. ఇక్కడ పాత చర్చలు చదివితేనేమో సైక్లింగ్ అయ్యేదాకా నెల, నెలన్నర ఖాళీగా ఉంచాలంటున్నారు. మా పాప స్కూలు నుంచి రాగానే అద్దానికి ముక్కు ఆనించి "చేపలేవి నాన్నా" అంటోంది. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. ఇంక దేనికోసం ఆగాలో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. మాది అపార్ట్‌మెంట్, బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కలిసి వస్తాయి.

గప్పీగూడు
ముందు ఆ సీసాలో ఏముందో చూడండి. నీలంగా ఉంటే మిథిలిన్ బ్లూ అయ్యుంటుంది, రంగు లేకపోతే యాంటీ క్లోరిన్. ఏదైనా సరే, దానితో ట్యాంక్ తయారవదు. ఆగాల్సిందే.

పాతట్యాంక్
ఇరవై ఏళ్లకు పైగా చేపలు పెంచుతున్నాను. టెస్ట్ కిట్ కొన్న పాపాన పోలేదు. నీళ్లు పట్టి రెండు రోజులుంచడం, చేపలు వదలడం, అంతే. బాగానే బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. ఈ పీపీఎంలూ అమోనియాలూ యూట్యూబ్ వచ్చాక మొదలైన టెన్షన్లు. పాపని ఏడిపించకండి.

గప్పీగూడు
పాతట్యాంక్ గారూ, ఒక్క సందేహం. కొత్త ట్యాంక్ పెట్టిన ప్రతిసారీ గ్రావెల్, ఫిల్టర్ కూడా కొత్తవే కొనేవారా?

పాతట్యాంక్
ఎందుకు కొంటాను? పాత గ్రావెలే. స్పాంజ్ చిరిగేదాకా అదే.

గప్పీగూడు
మీరు చేసింది సైక్లింగే కదండీ. మీ పాత స్పాంజ్‌లో, గ్రావెల్‌లో బ్యాక్టీరియా సిద్ధంగా ఉంది. నాన్నగారికి అన్నీ కొత్తవి.

మంజీర_మైక్రో
కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చేప తన మొప్పల్లోంచే అమోనియా వదులుతుంది. మిగిలిన మేత, రెట్ట కుళ్లినా వచ్చేది అదే. చెరువులో అయితే బోలెడు నీళ్లు, బురద, నాచు ఉంటాయి. రెండడుగుల ట్యాంకులో గ్రావెల్ పోను పట్టేది 50 లీటర్లు. అక్కడ అమోనియా పోవాలంటే దాన్ని తినేవాళ్లు ఉండాలి. ఒక రకం సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్ చేస్తాయి, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తాయి. ఈ రెండు రకాలూ ట్యాంకుకు సరిపడా పెరగడమే సైక్లింగ్. మొదటి రెండూ చేపకు విషం. మూడోది మితంగా ఉంటే పర్వాలేదు, నీళ్లు మారిస్తే తగ్గుతుంది.

ఆలస్యం ఎందుకంటే, కుళ్లబెట్టే మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలదు. ఈ అమోనియా తినేవి అన్నీ బాగున్నప్పుడు కూడా రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి ఒక రోజు తీసుకుంటాయి. సున్నా నుంచి మొదలుపెట్టి చేపల గుంపుకు సరిపడా పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన ఎండాకాలం నీళ్లలో ఇంకొంచెం త్వరగా అవుతుంది. 25 నుంచి 30 డిగ్రీలు వాటికి హాయి.

నీళ్ల తేటదనాన్ని నమ్మకండి. చేపను చంపే మోతాదులో ఉన్న అమోనియాకు రంగుండదు, మన ముక్కుకు వాసన కూడా తెలియదు.

పాతట్యాంక్ గారూ, ఇది యూట్యూబ్ కనిపెట్టింది కాదండీ. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త 1890 ప్రాంతంలోనే ఈ రెండు అంచెల పనిని వేరుచేసి చూపించాడు.

పాతట్యాంక్
చదివాను. పాత గ్రావెల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒకటి రెండు గట్టి చేపలు వేసి, మేత తక్కువ వేసి, నీళ్లు మారుస్తూ పోతే కూడా తయారవుతుంది. అందరూ అలాగే చేసేవాళ్లం.

మంజీర_మైక్రో
అవుతుంది, కాదనను. కానీ ఆ నెలంతా చేప విషంలో ఈదుతుంది. చావకపోయినా మొప్పలు కాలి, తర్వాత చిన్న జబ్బుకే పోతుంది. చేపే లేకుండా అదే పని అవుతున్నప్పుడు దాన్ని ఎందుకు కష్టపెట్టడం?

గోదారి_చెరువుగట్టు
మాది భీమవరం వైపండి. రొయ్యల చెరువు, చేపల చెరువు రెండూ చూస్తాం. మేం కూడా నీళ్లు పెట్టగానే సీడ్, అంటే చేప, రొయ్య పిల్లల్ని వదలం. నీళ్లు తయారవ్వాలి, కలర్ రావాలి, అప్పుడే సీడ్‌కి ఆర్డర్. అమోనియా, నైట్రైట్, పీహెచ్ చూపించుకోకుండా ఇక్కడ ఎవరూ పంట తీయరండి.

ఒక మాట ఎవరూ చెప్పలేదు. అమోనియా ఎంతుందన్నది సగం లెక్కే, పీహెచ్ ఎంతుందన్నది మిగతా సగం. ఎండకి నాచు పని చేసి సాయంత్రానికి చెరువు పీహెచ్ పెరుగుతుంది. పొద్దున ఏమీ చేయని అమోనియానే సాయంత్రం చేపని తేలుస్తుంది. బోరు నీళ్లన్నారు కదా, మీ పీహెచ్ ఎంత?

మియాపూర్_నాన్న
స్ట్రిప్‌తో చూశాను, 8కి పైనే చూపించింది. అంటే ప్రమాదమా?

మంజీర_మైక్రో
చెరువుగట్టు గారు అసలు విషయం పట్టుకున్నారు. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, విషం ఎక్కువున్నది ఒకటే. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో ఆ విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 అయితే 5 వంతులు దాటుతుంది. 8.5 అయితే 15 వంతులు. మెత్తటి నీళ్ల (ఖనిజాలు తక్కువున్న నీళ్ల) ఊళ్లో చేపలు తట్టుకున్న అమోనియా హైదరాబాద్ బోరు నీళ్లలో చంపేయొచ్చు.

దీనికి మంచి వైపూ ఉంది. సూక్ష్మజీవులకు ఈ గట్టి నీళ్లే ఇష్టం, మీ సైక్లింగ్ బాగా నడుస్తుంది. పీహెచ్ తగ్గించే మందులు కొనకండి.

బెజవాడ_బెట్టా
చేప లేకపోతే అమోనియా ఎక్కడినుంచి వస్తుంది అని అడగబోయే వాళ్లకి: మేం పచ్చి రొయ్య ముక్క పలచటి గుడ్డలో కట్టి వేలాడదీశాం. కుళ్లుతూ అమోనియా ఇస్తుంది. వాసన మాత్రం గట్టిగానే వస్తుంది. మా అత్తగారు వచ్చి చూసి, వేపుడు చేసే రొయ్యని నీళ్లపాలు చేశావని వారం రోజులు సాధించారు.

గోదారి_చెరువుగట్టు
అత్తగారిదే న్యాయం అండి. రొయ్య రేటు తెలిసినవాళ్లం మేం.

గప్పీగూడు
రొయ్యతో ఎంత అమోనియా వస్తుందో లెక్క తెలియదు, ఒక్కోసారి 8 పీపీఎం (లీటరుకు 8 మిల్లీగ్రాములు) దాకా పోతుంది. రోజూ చిటికెడు మేత వేయడం దానికంటే మెరుగు. కాకపోతే మేత కుళ్లేదాకా కొన్ని రోజులు ఆగాలి.

మంజీర_మైక్రో
లెక్కగా కావాలంటే అమోనియం క్లోరైడ్. మన నవసాగరం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడేది ఇదే, కానీ బజారు సరుకులో ఇంకేం కలిసుంటాయో తెలియదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో చిన్న డబ్బా అడగండి. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, సీసా మీద పేరు రాసి, పాపకు అందని చోట పెట్టండి. మీ 50 లీటర్లకు అందులోంచి 30 మిల్లీలీటర్లు పోస్తే సుమారు 2 పీపీఎం అమోనియా వస్తుంది. అది సున్నాకి వచ్చాకే మళ్లీ పోయాలి. ఎక్కువ పోస్తే త్వరగా అవుతుందనుకోకండి. 1 పీపీఎం అమోనియా 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది, కిట్ రంగులు చాలక తికమకపడతారు.

హన్మకొండ_సిరి
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, అర్జెంటు. మాది 50 లీటర్ల కొత్త ట్యాంక్, పెట్టి వారం పైనే అయింది. షాపులో వెంటనే వేయొచ్చన్నారని నాలుగు గోల్డ్ ఫిష్ తెచ్చాం. నిన్నటి నుంచి నాలుగూ పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఎయిర్ పంపు బాగానే ఆడుతోంది. ఒకదాని మొప్ప లోపల ఎర్రగా కాకుండా కాఫీ రంగులో ఉంది. నీళ్లు పాలు కలిసినట్టున్నాయి. ఫోన్ చేస్తే నీలం మందు వేయమన్నారు. వేయనా?

గప్పీగూడు
వేయకండి సిరి గారూ! మిథిలిన్ బ్లూ ఫంగస్‌కి వేరే టబ్బులో పెట్టి వాడేది. ట్యాంకులో పోస్తే ఇప్పుడిప్పుడే పుడుతున్న మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

ఇప్పుడే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లకు యాంటీ క్లోరిన్ వేసి, చేత్తో చూసి పాత నీళ్లంత వెచ్చగా ఉన్నాయనుకున్నాకే పోయండి. రెండు రోజులు మేత బంద్. చేపలకు ఏమీ కాదు. టెస్ట్ కిట్ దొరికితే వెంటనే చూడండి.

మంజీర_మైక్రో
ఎయిర్ ఉన్నా గుటకలు వేయడం, మొప్ప కాఫీ రంగు... ఇది నైట్రైట్ అనే అనుమానం. నైట్రైట్ రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. అందుకే గాలి ఎంత పెట్టినా ఊపిరాడదు.

విరుగుడు మీ వంటింట్లోనే ఉంది. 50 లీటర్లకు 10 గ్రాముల ఉప్పు, అంటే రెండు టీ స్పూన్లు, మగ్గులో కరిగించి కొద్దికొద్దిగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్ప దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు.

గోదారి_చెరువుగట్టు
మంచినీళ్ల చెరువుల్లో ఉప్పు చల్లేది కూడా ఇందుకేనండి. సిరమ్మా, ఉప్పు ఒకేచోట గుమ్మరించకండి. పాల రంగు గురించి భయపడొద్దు, అది వేరే బ్యాక్టీరియా, దానంతటదే పోతుంది.

హన్మకొండ_సిరి
సగం నీళ్లు మార్చాం, ఉప్పు వేశాం. మా తమ్ముడు వెళ్లి కిట్ తెచ్చాడు. అమోనియా 1, నైట్రైట్ ఊదా రంగు, చార్టులో 5 దగ్గరిది. మార్చాక కూడా ఇంత ఉందా?

గప్పీగూడు
మార్చాక 5 అంటే ముందు చార్టులో లేనంత ఉండి ఉంటుంది. రేపు పొద్దున మళ్లీ సగం మార్చండి. తీసేసిన నీళ్లతో ఉప్పు కూడా సగం పోతుంది, కాబట్టి కొత్తగా పోసే నీళ్లకు మాత్రమే లెక్క చూసి వేయండి.

డాలస్_డిస్కస్
మా వైపు మున్సిపల్ నీళ్లలో క్లోరమైన్ ఉంటుంది. రాత్రంతా ఉంచినా పోదు. మామూలు యాంటీ క్లోరిన్ వేస్తే క్లోరిన్ పోయి అమోనియా మిగులుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మీ ఊరి నీళ్ల రిపోర్టు ఒకసారి చూసుకోండి. ఇంకోటి, ఇక్కడ సీసాల్లో బ్యాక్టీరియా అమ్ముతారు, నాకు బాగానే పనిచేసింది. నాన్నగారు అది ట్రై చేయొచ్చుగా?

గప్పీగూడు
ఇక్కడ ఆ సీసా మన చేతికొచ్చేసరికి గోడౌన్ ఎండ, వ్యాన్ ఎండ తిని వస్తుంది. లోపల ఎంత బతికుందో దేవుడికే తెలియాలి.

మంజీర_మైక్రో
అమోనియా తినేవి బీజాలుగా మారి నిద్రపోలేవు. కాబట్టి ఏళ్ల తరబడి పాడవదని అమ్మే పొడుల్లో సాధారణంగా ఉండేది బాసిల్లస్ జాతి. అది చెత్తని కుళ్లబెడుతుంది, అంతే. చాలా లేబుళ్ల మీద నైట్రోబాక్టర్ అని ఉంటుంది కానీ, మంచినీటి అక్వేరియంలలో నైట్రైట్ తినేది ముఖ్యంగా నైట్రోస్పైరా అని 1998లో తేలింది. వాటిలో కొన్ని అమోనియా నుంచి నైట్రేట్ దాకా పని మొత్తం ఒక్కటే చేయగలవని 2015లో బయటపడింది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. నూరేళ్లకు పైగా రెండు అంచెలనే పాఠాలు చెప్పుకున్నాం!

గోదారి_చెరువుగట్టు
మా ఏరియాలో ప్రోబయోటిక్ ప్యాకెట్లు బస్తాల లెక్కన పోతాయి. బాసిల్లస్ అంటే అడుగు బురద తినేదే అండి. అమోనియాకి దాన్ని నమ్ముకోం.

నాచుతోట
మొక్కల గురించి ఒక్కరూ రాయలేదేంటి? మొక్క అమోనియాని నేరుగా తినేస్తుంది. హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటి వేగంగా పెరిగేవి గుప్పెడు వేయండి. ఇంట్లో మనీప్లాంట్ ఉంటే తీగ ముక్క వేర్లు మాత్రం నీళ్లలో ఉండేలా ట్యాంక్ అంచున పెట్టండి. నా ట్యాంకుల్లో నైట్రైట్ ఎప్పుడూ పెద్దగా రాలేదు.

గప్పీగూడు
మొక్కలు మంచివే, కానీ రెండు కాడలు వేసి ఇంక భయం లేదనుకోవడం ప్రమాదం. మీ ట్యాంకు నిండా అడవే ఉంటుంది, ఫోటోలు చూశాం.

నాచుతోట
అడవి అన్నారు, సంతోషం.

మియాపూర్_నాన్న
అందరికీ ధన్యవాదాలు. ఆగాలని నిర్ణయించుకున్నాను. నవసాగరం దొరికింది, కిట్ కొన్నాను. పాపకి టెస్ట్ ట్యూబుల పని అప్పజెప్పాను, పసుపు రంగు ఆకుపచ్చగా మారడం చూసి చేపల్ని కాసేపు మర్చిపోయింది. ఇది త్వరగా అవడానికి ఇంకేమైనా దారి ఉందా?

గప్పీగూడు
ఉంది, అన్నిటికంటే మంచిదీ అదే. ఏడాది రెండేళ్లుగా నడుస్తున్న ట్యాంక్ ఉన్నవాళ్ల దగ్గర ఫిల్టర్ స్పాంజ్ ముక్క అడగండి. ఆ ట్యాంక్ నీళ్లతోనే కవర్లో వేసి, ఆరనివ్వకుండా తెచ్చి, మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. పాత ట్యాంక్ నీళ్లు మాత్రం బిందెడు తెచ్చినా ఉపయోగం లేదు, ఆ బ్యాక్టీరియా అంతా స్పాంజ్‌లో కాపురం ఉంటుంది. ఎవరి దగ్గర తెస్తున్నారో చూసుకోండి, స్పాంజ్‌తో పాటు వాళ్ల చేపల జబ్బులూ వస్తాయి. షాపు ట్యాంకులవి అస్సలు వద్దు.

పాతట్యాంక్
నాన్నగారూ, నేను కూకట్‌పల్లిలోనే ఉంటాను. నా ట్యాంకులో ఏడాదిగా కొత్త చేప వేయలేదు, జబ్బుల్లేవు. మెసేజ్ పెట్టండి, స్పాంజ్ సగం కోసిస్తాను. కిట్ మాత్రం నాకు అంటగట్టొద్దు.

మియాపూర్_నాన్న
స్పాంజ్ తెచ్చాను. పాతట్యాంక్ రావుగారింట్లో కాఫీ కూడా అయింది. అంత నల్లటి స్పాంజ్ చూసి మా ఆవిడ పారేయబోయింది, ఆపాను. ఇప్పుడు అమోనియా ఒక్క రోజులో సున్నాకి పడుతోంది, నైట్రైట్ మాత్రం ఊదా రంగు వదలట్లేదు. నైట్రేట్ ఎర్రగా వస్తోంది. నైట్రేట్ వచ్చిందంటే అయిపోయినట్టేనా?

మంజీర_మైక్రో
కాదు. మీ బోరు నీళ్లని విడిగా టెస్ట్ చేశారా? చాలా చోట్ల బోరు నీళ్లలో ముందే నైట్రేట్ ఉంటుంది. ట్యాంకులో కనిపించేది అదే కావచ్చు. అసలు పరీక్ష ఏంటంటే, 2 పీపీఎం అమోనియా పోసి 24 గంటలాగి చూస్తే అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వరసగా రెండు మూడు సార్లు అలా రావాలి.

నైట్రైట్ దశ మామూలుగానే ఎక్కువ రోజులు సాగుతుంది. ప్రస్తుతానికి అమోనియా మోతాదు సగానికి తగ్గించండి. రంగు అసలు కదలకపోతే సగం నీళ్లు మార్చండి, స్పాంజ్‌ని ముట్టుకోకండి.

మియాపూర్_నాన్న
కుళాయి నీళ్లు చూశాను. 20 చూపించింది. మీ అనుమానం నిజమే.

గచ్చిబౌలి_టెట్రా
నాది ఇదే సమస్య, కానీ అమోనియా కూడా కదలడం లేదు. నెల దాటింది. ఇంట్లో ఆర్ఓ నీళ్లే పోశాను, స్వచ్ఛంగా ఉంటాయని.

మంజీర_మైక్రో
పీహెచ్ చూడండి, 6 దగ్గరికి పడిపోయి ఉంటుంది. అమోనియాని మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని మింగే కార్బొనేట్ ఆర్ఓ నీళ్లలో ఉండదు. పీహెచ్ పడితే బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. సగం ఆర్ఓ తీసేసి, క్లోరిన్ తీసిన కుళాయి నీళ్లు పోయండి.

గచ్చిబౌలి_టెట్రా
6 కంటే కిందే ఉంది! ఈ రాత్రికే మారుస్తాను.

హన్మకొండ_సిరి
అప్‌డేట్. ఒక చేప పోయింది. మూడు ఇప్పుడు కిందే తిరుగుతున్నాయి, మొప్పలు ఎర్రబడ్డాయి. రోజూ నీళ్లు మార్చి మార్చి నడుం పోయింది కానీ, నైట్రైట్ అరకి దిగింది. మా అమ్మ ఉప్పు వైద్యం గురించి వీధంతా చెబుతోంది.

గప్పీగూడు
మూడు నిలబడ్డాయి, సంతోషం సిరి గారూ. అమోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం సున్నా చూపించేదాకా కొత్తవి వద్దు. గోల్డ్ ఫిష్ చాలా మురికి చేస్తుంది, పెద్దదవుతుంది. 50 లీటర్లలో మూడూ ఎక్కువ కాలం ఇమడవు, పెద్ద ట్యాంక్ సంగతి ఇప్పటి నుంచే ఆలోచించండి.

మియాపూర్_నాన్న
రెండు రోజులుగా 24 గంటల్లో రెండూ సున్నా. ఆదివారం చేపలు తెద్దామనుకుంటున్నాం. పాప ఎరుపు, నీలం చారలుండే నియాన్ టెట్రాలు కావాలంటోంది. ముందు ఏం చేయాలి?

మంజీర_మైక్రో
శనివారం దాకా అమోనియా పోస్తూనే ఉండండి, తిండి ఆపేస్తే బ్యాక్టీరియా తగ్గిపోతుంది. శనివారం సాయంత్రం అమోనియా మానేసి, ఆదివారం పొద్దున రెండూ సున్నా ఉన్నాయని చూసుకుని, ముప్పావు వంతు నీళ్లు మార్చండి. నైట్రేట్ మీ కుళాయి నీళ్ల దగ్గరికి దిగుతుంది. 40 దాటనివ్వకుండా తర్వాత కూడా వారం వారం కొంత మార్చండి.

గప్పీగూడు
నియాన్‌లు మెత్తటి నీళ్ల చేపలు, మీ బోరు నీళ్లలో సుఖపడవు. గప్పీలు, ప్లాటీలకు గట్టి నీళ్లంటే ప్రాణం. పాపకి నారింజ రంగు ప్లాటీలు చూపించండి, ఒప్పుకుంటుంది. మగ గప్పీలు ఐదు తెచ్చి మొదలుపెట్టండి. ఆడవి కలిపితే పిల్లల్ని పంచడానికి ఇళ్లు వెతుక్కోవాలి.

పాతట్యాంక్
ఐదేంటి, ఎనిమిది పడతాయి. ట్యాంక్ తయారైందని మీరే అన్నారుగా.

గప్పీగూడు
2 పీపీఎం మింగే ట్యాంక్ ఎనిమిది గప్పీలకు చాలు, నిజమే. మేత వేసే చెయ్యి పాపది కదా అని తగ్గించి చెప్పాను.

గోదారి_చెరువుగట్టు
కరెంటు సంగతి కూడా చూసుకోండి నాన్నగారూ. గంటా గంటన్నర పోతే స్పాంజ్ ఫిల్టర్‌కి ఏం కాదు. అంతకంటే ఎక్కువైతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి, మేం ఏరియేటర్లకి జనరేటర్ ఉంచుకున్నట్టే. కరెంటు లేనప్పుడు మేత వేయొద్దు.

మియాపూర్_నాన్న
ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చాను. స్పాంజ్ ఎప్పుడు కడగాలి?

పాతట్యాంక్
గాలి బుడగలు తగ్గినప్పుడు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి, కుళాయి కింద పెట్టకండి. నేను ఇచ్చిన ముక్క, మీ కొత్తది, రెండూ ఒకే రోజు మాత్రం కడగొద్దు.